యాభై ఒక్క మోకులు ఎక్కిన చెట్టు

తాళ్ళగిరి రాజ్యంలో మూడేళ్ళుగా చినుకు పడలేదు. దానికంతటికీ కారణం ఒక పూట భోజనం.

గజకేతు మహారాజుకు లేక లేక కొడుకు పుట్టాడు. బారసాలకు పరదేశపు రాజులందరినీ పిలిచాడు. తాటి మొవ్వు కూరంత రుచి లోకంలో లేదని వంటవాడెవడో ఆయన చెవిన వేశాడు. మొవ్వు అంటే తాటిచెట్టు నడినెత్తిన, మట్టల మధ్య దాగి ఉండే లేత గుండె. అది తీస్తే చెట్టు చస్తుంది. ఆ సంగతి కల్లుగీసే గౌడులు కోట గుమ్మం ముందు నిలబడి మొత్తుకున్నారు. గుమ్మం బయట మొత్తుకునేవాళ్ళ మాట విన్న రాజు ఇంతవరకూ ఏ కథలోనూ కనిపించలేదు. ఒక్క రోజులో వెయ్యి చెట్లు నేలకూలాయి. అతిథులు తిన్నారు, చేతులు కడుక్కున్నారు, ఏనుగులెక్కి వెళ్ళిపోయారు.

ఆ మర్నాటి నుంచి మబ్బు తాళ్ళగిరి పొలిమేర దాటి రావడం మానేసింది. రాజు జోస్యులను పిలిపించాడు. వాళ్ళు గవ్వలు వేసి చూసి చెప్పారు: ఏడు అడవుల అవతల ఆకాశతాడు అనే తాటిచెట్టుంది. దాని మట్టల్లో తాళకేశి అనే రాక్షసి ఉంటుంది. చచ్చిన వెయ్యి చెట్లూ ఆమె బిడ్డలే. ఆ కడుపుమంటతో ఆమె మబ్బులన్నిటినీ పట్టి మట్టలకు కట్టేసుకుంది. ఎవరైనా ఆ చెట్టెక్కి గెలిచి దిగితేనే వాన.

తిన్నది కోట, ఎక్కవలసింది గౌడువాడ. దిగి వచ్చినవాడికి అర్ధరాజ్యమని దండోరా వేయించారు. దండోరా వెనకే భటులొచ్చి ఇంటికొక మగవాణ్ణి లాక్కుపోయారు. కులపెద్ద కనక అందరికన్నా ముందు కాటంగౌడు వెళ్ళాడు. తిరిగి రాలేదు. తరవాత ఇంకొకడు, ఇంకొకడు. మూడేళ్ళలో యాభై ఒక్కమంది మోకు భుజాన వేసుకుని వెళ్ళారు. ఒక్క మోకూ వెనక్కి రాలేదు.

కాటంగౌడు కూతురు సూరమ్మకు ఇప్పుడు పదిహేడేళ్ళు. చిన్నప్పుడు తండ్రి ఎవరూ చూడకుండా పొట్టి ఈతచెట్ల మీద ఆమెకు ఎక్కడం, గీయడం నేర్పాడు. ఒకనాటి పొద్దున ఆమె తాటినార ముందేసుకుని మోకు పేనడం మొదలుపెట్టింది. మోకంటే చెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టే తాడు. ఎక్కేవాడి ప్రాణం దానిమీదే ఉంటుంది.

తల్లి రేణవ్వ చూసి గుండెలు బాదుకుంది.

"ఆడిపిల్ల మోకు ముట్టద్దే సూరీ! ముడితే చెట్టు ఎండిపోతదంటరు."

"ఎండేటందుకు చెట్టేడున్నదమ్మా?"

రేణవ్వ వచ్చి నార రెండో కొస పట్టుకుంది. ఏడు రోజులు తల్లీకూతుళ్ళు పేనారు. ఎనిమిదో రోజు తల్లి తన చేతులతోనే కూతురి నడుముకు ముస్తాదు కట్టింది. అది తోలుపట్టీ, గీతకత్తులు పెట్టుకునే పొది దానికే వేలాడుతుంది. కాళ్ళకు తగిలించుకునే గుజి, కత్తి నూరే చెక్క, దానిమీద చల్లే చారెడు తెల్లరాతి పొడి, కల్లు పట్టే, మసిబారిన ఒక పాత మట్టి లొట్టి. సూరమ్మ సామానంతా అంతే. తల్లి అర్ధరాజ్యం ఊసు ఎత్తలేదు. "మీ నాయినను తోలుకొనిరా" అని మాత్రం అన్నది.

మొదటి అడవిలోనే దారికి అడ్డంగా ఒక ఎలుగుబంటి పడుకుని ఉంది. గుట్టంత ఒళ్ళు, కళ్ళు లోపలికి పోయాయి. సూరమ్మ పక్కనుంచి పోబోతే కాలు చాపి ఆపింది.

"ఏయ్ పిల్లా, ఆ లొట్టిల ఏమున్నది?"

"గాలి."

"ఎన్నొద్దుల గాలి?"

"మూడేండ్లది."

"గట్లయితే మస్తుగ పులిసుంటది. ఇటు తే."

సూరమ్మకు నవ్వొచ్చింది. లొట్టి అందించింది. ఎలుగుబంటి మూతి అందులో దూర్చి గట్టిగా పీల్చింది. పీల్చి, అలాగే ఉండిపోయింది. కాసేపటికి లొట్టి లోపలినుంచి ఏడుపు వినిపించింది. కుండలోంచి వచ్చే ఏడుపు కదా, అడవంతా మోగింది.

"ఇది కాటన్న లొట్టి. నువ్వెవలు?"

"ఆయన బిడ్డను."

"రోజు పొద్దుగాల మీ నాయిన చెట్టు మొదట్ల తాటాకు రేకల నాకింత పోసి పోతుండె. మనుషులంత నన్ను జూసి ఉరికిన్రు గని, ఆయన మటుకు 'ఏం బామ్మర్దీ, పానం బాగున్నదా' అని అడుగుతుండె. ఏడో అడివి అంచు దాక నా ఈపు మీదనే పోయిండు. మొదటి అడివిల తొవ్వ మీద ఉండు, మళ్ళొస్త అన్నడు. ఉన్న." ఎలుగుబంటి మూతి తుడుచుకుంది. "ఎక్కు బిడ్డా. నీకు నేను మామనైత."

ఆరు అడవులు మూడు పగళ్ళలో దాటించింది ఆ ఎలుగుబంటి. ముళ్ళపొదల్లోంచి, ఎండిన వాగుల్లోంచి, ఎముకలు పరుచుకున్న లోయల్లోంచి పరుగెత్తింది. ఏడో అడవి అంచున ఆగిపోయింది. అక్కడి మట్టి దాని పాదాలను కాలుస్తోంది. సూరమ్మ లొట్టిని దానికే వదిలి ముందుకు నడిచింది.

ఏడో అడవి నడుమ నున్నటి రాతి స్తంభం ఒకటుంది. దానిమీద జడలు నేలకు వేలాడేసుకుని ఒక ముని కూర్చున్నాడు. కిందనుంచి ఎంత పిలిచినా పలకలేదు. సూరమ్మ స్తంభానికి మోకు చుట్టింది. గుజి కాళ్ళకు వేసుకుంది. వెనక్కి వాలి మోకును ఒక జానెడు పైకి విసిరి, కాళ్ళు ముడిచి, మళ్ళీ విసిరి, అలా ఎక్కడం మొదలుపెట్టింది. తాటిచెట్టు గరుకు మోకును పట్టుకుంటుంది. రాయికి ఆ జాలి లేదు. మూడుసార్లు జారింది. రొమ్ము, మోకాళ్ళు చెక్కుకుపోయాయి. నాలుగోసారి ముని పాదాలు అందాయి.

"దేనికోసం బయల్దేరావు, అమ్మాయీ? వాన కోసమా, అర్ధరాజ్యం కోసమా?"

"మా నాయిన కోసం, సామీ."

ముని కళ్ళు తెరిచాడు. "యాభై ఒక్కమంది ఈ దారినే వెళ్ళారు. అందరూ వాన కోసమనే అన్నారు. వెనక బల్లేలు పట్టుకుని భటులుంటే ఇంకేమంటారు? నిజం చెప్పినదానివి నువ్వే, అందుకని నాకు తెలిసింది చెబుతాను. వాళ్ళు చావలేదు. ఎక్కిన ప్రతివాడూ ఆ చెట్టు మాను మీద ఒక వలయమై బిగుసుకుపోయాడు. ఒక్కొక్క మనిషికీ చెట్టు ఒక్కొక్క బారెడు పెరిగింది. మొదట వెళ్ళినవాడు అందరికన్నా కింద ఉంటాడు."

"వాళ్ళేం తప్పు జేసిన్రు, సామీ?"

"తప్పా? వాళ్ళంతా గొప్ప పనివాళ్ళు. చేతకానివాడు ఒక్కడు వెళ్ళి ఉంటే బతికి దిగేవాడు." ఆ మాట అని ముని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. అంతకుమించి ఎంత అడిగినా పెదవి కదపలేదు.

మర్నాడు సూర్యోదయానికి సూరమ్మ ఆకాశతాడు మొదట్లో నిలబడింది. చెట్టు తల కనిపించలేదు. పైన మబ్బులు తాళ్ళకు కట్టిన గేదెల్లా మూలుగుతున్నాయి. గీతపనివాళ్ళు ఎక్కబోయే ముందు చెట్టుకు నుదురు ఆనించి మొక్కుతారు. సూరమ్మ నుదురు ఆనించిన చోటే మొదటి వలయం ఉంది. అది వెచ్చగా ఉంది. జ్వరం వచ్చిన మనిషి ఒళ్ళులా ఉంది.

"నాయినా" అంది.

తండ్రి మీద కాలు పెట్టకుండా ఆ చెట్టు ఎక్కే దారి లేదు. సూరమ్మ గుజి వేసుకుని, కళ్ళు మూసుకుని ఎక్కింది.

వలయం తరవాత వలయం. ఒకదాని దగ్గర పొగాకు వాసన వచ్చింది. ఒకదాని దగ్గర ఎవరో నిద్రలో మూలిగినట్టు వినిపించింది. మోకు ఒరుసుకుని నడుము తోలు లేచింది. పొద్దు ఇంకా పూర్తిగా ఎక్కకముందే యాభై ఒకటో వలయం దాటి ఆమె మట్టల మధ్యకు చేరింది.

అక్కడ రాక్షసి లేదు. కల్లు ఊరే గెల ఒకటి ఉంది.

అంత గెలను సూరమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. లేత పసుపు రంగు, బొటనవేలంత లావు కొస. ఆ కొసన ఒక చుక్క ఊరి, వేలాడి, జారి పడింది. మరో చుక్క ఊరింది. కింద లొట్టి లేదు. గెలకు కోత పడి ఎన్నాళ్ళయిందో, కొస ఎండిపోబోతోంది. ఇవాళ ఒక్క పల్చటి పొర గీస్తే ధార కడుతుంది. గీయకపోతే ఇక ఆ గెల పని అయిపోయినట్టే. అలాంటి గెలను చూస్తే ఏ గౌడు చేయి ఊరుకుంటుంది? నిప్పు పడితే తల్లి బిడ్డను లాగినట్టు, సూరమ్మ చేయి తనంతట తనే పొదిలోకి వెళ్ళింది. కత్తి బయటికి వచ్చింది. అంచు గెలకు ఆనింది.

అప్పుడు మట్ట మొదట్లో ఆమెకు కొన్ని పొరలు కనిపించాయి. గెల నుంచి కోసిన పొరలు, తమలపాకు కన్నా పల్చనివి, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు, వాడిపోకుండా ఉన్నాయి. ఎంత చక్కటి కోతలు! అన్నీ కుడిచేతి వాటం. అట్టడుగున ఉన్న ఒక్కటే ఎడమకు వాలి ఉంది. తాళ్ళగిరిలో ఎడమచేత్తో గీసేవాడు ఒక్కడే ఉన్నాడు.

చేతకానివాడు వెళ్ళి ఉంటే బతికి దిగేవాడన్న మాట అప్పుడు అర్థమైంది. వాళ్ళెవరూ భయపడి బిగుసుకుపోలేదు, దురాశకూ పోలేదు. గెల ఎండిపోతుంటే చూడలేక ఒక్క పొర గీశారు. అంతే.

సూరమ్మ కత్తి వెనక్కి లాగింది. చేయి మాట వినలేదు. మళ్ళీ ముందుకు వెళ్ళింది. పళ్ళు బిగబట్టి కత్తిని పొదిలోకి తోసి, కత్తి తాడుతోనే కుడి మణికట్టును మోకుకు కట్టేసుకుంది.

మట్టలన్నీ ఒక్కసారి గలగలలాడాయి. ఆకుల జుట్టు, నల్లటి మాను లాంటి ముఖం, ఎర్రటి కళ్ళు. తాళకేశి ఆమె ముఖంలో ముఖం పెట్టి చూసింది.

"గీయవేమే? గౌడు పుటక పుట్టలేదా?"

"పుట్టిన. గని గియ్య."

"నా వెయ్యిమంది బిడ్డలను వండుకు తిన్నారు మీ రాజ్యంవాళ్ళు. మీ కులమేమో పుట్టిన ప్రతి గెలనూ గీసి తాగింది. నా కడుపున ఒక్క కాయ పండి నేల రాలింది లేదు. అది నీకు తెలుసా?"

"మొవ్వ దిన్నది రాజు. మేమైతే గీసింది నిజమే" అంది సూరమ్మ. "ఈ ఒక్క గెల నీకే ఇడిసిపెడుత. పండనియ్యి. మా నాయినను నాకియ్యి."

రాక్షసి ఆకుల గలగల ఆగిపోయింది. అంతవరకు ఆమెతో ఎవరూ అలా మాట్లాడలేదు. "పండు పండాలంటే కాలం కావాలి పిల్లా. నా కాలాన్ని మీ రాజు నరికించేశాడు. నీ కాలం ఇస్తావా? పండుకు ఒక ఏడు. పండు రాలితే ఒక మనిషి లేస్తాడు. ఆఖరున వచ్చినవాడు మొదట దిగుతాడు."

"మా నాయిన అందరికన్న ముందుగాల వచ్చిండు."

"అయితే అందరికన్నా వెనక దిగుతాడు. ఆ వరస మార్చడం నా చేతిలో లేదు. చాలు అన్నప్పుడు ఆపేస్తాను. నీ ఏళ్ళు నీకు తిరిగి కావాలంటే ఒక్క పొర గీయి. వచ్చేస్తాయి. దిగినవాళ్ళు మళ్ళీ మానులోకి పోతారు."

సూరమ్మ లెక్క వేసుకుంది. పదిహేడూ యాభై ఒకటీ. కింద కనిపించని నేల వైపు చూసింది. "కానియ్యి" అంది.

గెల పూసింది, పిందె కట్టింది, కాయ నల్లబడింది. కింద లోకంలో గడియ కూడా కాలేదు. మొదటి పండు ధబ్బున రాలింది. పడ్డచోట ఒక మనిషి లేచి ఒళ్ళు దులుపుకున్నాడు. చెట్టు ఒక బారెడు కుంగింది. అతను పైకి చూసి, "ఓ పిల్లా, ఎవలు నువ్వు? పైలం!" అని అరిచాడు. రెండో పండు రాలింది. మూడోది. ఇరవయ్యోవాడు లేచి "అక్కా" అని పిలిచాడు. సూరమ్మ నుదుటి మీద మొదటి తెల్లవెంట్రుక గాలికి కళ్ళలో పడింది. ఎడమచేత్తో దాన్ని పక్కకు తోసుకుంది.

"ఇరవయ్యిమందిని దింపావు, చాలదా?" అంది తాళకేశి. "ఇంకా పెళ్ళి కావచ్చు, బిడ్డలు కలగవచ్చు. మీ నాన్న నోరు విప్పగలిగితే నీకు ఇదే చెప్పేవాడు."

"చెప్పుతుండె" అని ఒప్పుకుంది సూరమ్మ. "నేను ఇనకపోతుంటి."

నలభయ్యోవాడు "పెద్దమ్మా" అన్నాడు. అప్పటికి ఆమె నడుము వంగింది, పళ్ళు ఒక్కొక్కటే ఊడి ఒళ్ళో పడుతున్నాయి. ఆ ఏళ్ళలో ఏ ఒక్క ఏడూ ఆమె బతికినది కాదు. పెళ్ళిపందిరి లేదు, ఉయ్యాల లేదు, ఇరుగుపొరుగుతో ఒక పోట్లాట కూడా లేదు. చెట్టు మీద కూర్చునే పడుచుతనం వెళ్ళిపోయింది. కుడిచేయి మాత్రం ముసలిదయ్యాక కూడా కత్తి కోసం గుంజుతూనే ఉంది.

యాభై ఒకటో పండు సాయంకాలానికి రాలింది.

తాళకేశి ముఖం మెల్లగా మట్టల్లో కలిసిపోయింది. పోతూ పోతూ ఏదో అనబోయింది. ఆకుల చప్పుడే వినిపించింది. మబ్బుల కట్లు తెగాయి. మూడేళ్ళ వాన ఒక్కసారి నేల మీద పడింది. ఆకాశతాడు ఇప్పుడు మామూలు తాటిచెట్టంత ఉంది. కింద యాభైమంది వానలో గంతులేస్తున్నారు. యాభై ఒకటోవాడు నలభై ఏళ్ళ మనిషి, నల్లటి జుట్టు. గంతులేయకుండా తల ఎత్తి చెట్టుపైకి చూస్తున్నాడు.

"అవ్వా! గింత వానల చెట్టు మీద ఏం జేస్తున్నవు? దిగు!"

సూరమ్మ నోరు తెరిచింది. పళ్ళు లేని నోటి మాట కిందికి వినబడలేదు. దిగుదామని కాలు కదిపింది, మోకాళ్ళు లొంగలేదు.

"కాటన్నా, తడిసిన చెట్టు. ఎక్కకు" అన్నారు మిగతావాళ్ళు. వానలో తాటిచెట్టు ఎక్కేవాడు బతుకు మీద ఆశలేనివాడే. అది వాళ్ళందరికీ తెలుసు.

"ఎవలి తల్లో గదరా! ఇడిసిపెట్టి పోతమా?" అంటూ అతను మోకు విసిరాడు.

జారుతూ, ఆగుతూ, తిట్టుకుంటూ వచ్చాడు. ముఖం మట్టల మధ్యకు వచ్చింది. "బయపడకు అవ్వా, నన్ను గట్టిగ పట్టుకో. మీది ఏ ఊరు? మా ఇంట్ల నీయంత ముసలోళ్ళు లేరు గని, నా బిడ్డున్నది, సూరి. పద్నాలుగేండ్లు. నిన్ను మంచిగ అర్సుకుంటది."

"నాయినా" అంది సూరమ్మ.

కాటంగౌడు ఆమె చేతి కట్టు విప్పబోతున్నవాడల్లా ఆగాడు. మోకుకు కట్టేసిన ఆ చేతిని చూశాడు. గెలను చూశాడు, దాని కొసన కొత్త కోత లేదు. మట్ట మొదట్లో తన ఎడమచేతి పొరను చూశాడు. గొప్ప పనివాడు కదా, మాను లోపల నిద్రలోలా విన్న రాక్షసి బేరం ఎవరిదో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. వాన చప్పుడులో అతను ఏడ్చిన ఏడుపు కిందివాళ్ళకు వినిపించలేదు.

"నన్నెందుకు దించినవు బిడ్డా?" అన్నాడు చివరికి. "ఒక్క పొర గీసి నీ ఏండ్లు నువ్వు తెచ్చుకో. నేనీడనే ఉంట."

"నాయినా, నాకు నడుము నొస్తున్నది" అంది ఆమె. "ఇంటికి పోదాం."

అతను తన ముస్తాదు విప్పి, కూతుర్ని వీపుకు కట్టుకుని, తడిసిన చెట్టు దిగాడు.

రాజు పొలిమేర దాకా పల్లకి పంపించాడు. వీరకన్య ఏదని మంత్రి వెతికాడు. వీపు మీద ముసలమ్మను చూసి మొహం తిప్పుకున్నాడు. మాట ఇచ్చాడు కాబట్టి అర్ధరాజ్యం అన్నాడు రాజు.

"అందుల తాటిచెట్లెన్ని ఉన్నయి దొరా?" అని అడిగింది సూరమ్మ.

రాజు నేలచూపులు చూశాడు.

"నాకొద్దు. ఇంక మొవ్వ కొట్టద్దు. చెట్టుకొక్క గెల పండనియ్యండ్రి. గీతగాళ్ళు గూడ. గంతే."

అది శాసనమైంది. ఆ రాజ్యంలో అన్నాళ్ళలో జరిగిన న్యాయం అదొక్కటే.

ఇల్లు చేరేసరికి రేణవ్వ పొయ్యి దగ్గర ఉంది. గుమ్మంలో మొగుణ్ణి చూసి లేచింది, అతని వీపు మీది మనిషిని చూసి నిలబడిపోయింది. ఎవరని అడగలేదు. దగ్గరికి వచ్చి ఆ ముడతల ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. తాను నలభై దాటని తల్లి. కూతురికి అరవై ఎనిమిదేళ్ళు. తీసుకెళ్ళి పీట మీద కూర్చోబెట్టింది. కంచంలో అన్నం వడ్డించి, కూతురి నోట్లో పళ్ళు లేవని చూసి, ఇంకొంచెం చారు పోసి, అన్నప్రాశన నాడు కలిపినట్టు మెత్తగా, మెతుకు కనిపించకుండా పిసికింది.

"నోరు దెరువు, సూరీ" అంది.

సూరమ్మ నోరు తెరిచింది. బయట వాన పడుతూనే ఉంది. వాళ్ళు ముగ్గురూ ఒక్క కప్పు కింద ఉన్నారు. ఇంతకన్నా మంచి ముగింపు ఆ రాజ్యంలో ఆ రోజు ఎవరికీ దొరకలేదు.